యాడికి

ఆగస్టు 2, సోమవారం. ప్రొద్దుటూరు.

ముందుగా క్షమాపణ.

ఆంధ్రభాషామతల్లికి, నాకు ఎం.ఏ. పట్టా ఇచ్చి పొరబడిన విశ్వవిద్యాలయానికి, నన్ను కని నేటివరకూ ఓర్చుకుంటున్న దేవపాలు సారుకు, ప్రేమమ్మకు, ఈ 1999వ సంవత్సరపు డైరీని ఉచితంగా పంచిపెట్టిన ఎరువుల కంపెనీకి సాష్టాంగపడి మనవి చేసుకునేది ఏమనగా: ఈ పుటల్లో జరగబోయే సమస్త పాపాలకూ నేనే బాధ్యుణ్ణి. జిల్లాలో కరువుకు నేనే కారణం. పెన్నలో నీళ్లు లేకపోవడం నా పనే. చర్చి గంట తాడు తెగింది కూడా నా వల్లనే. రేపటి నుంచి తెలుగు సినిమా ఎట్లా తగలబడినా అందుకూ నేనే జవాబుదారీ. ప్రభువు నన్ను క్షమించుగాక. ఆమెన్.

విషయం ఏమిటంటే, పని దొరికింది.

‘తలవాకిట దీపం’ అని మా అమ్మ కాలంనాటి నలుపు తెలుపు సినిమా ఉంది. దాన్ని మళ్లీ రంగుల్లో తీస్తున్నారు. కథను గోదావరి ఒడ్డు నుంచి ఎత్తుకొచ్చి మా సీమలో పడేశారు. కథానాయిక రంగనాయకి వేషం మంజుశ్రీగారిది. ఆమెకు మన మాట రాదు. నేర్పడానికి చదువుకున్న నిరుద్యోగి కావాలన్నారు. ఆ రెండు అర్హతలూ ఒకే మనిషిలో ఇంత సమృద్ధిగా ఇంకెక్కడ దొరుకుతాయి?

అమ్మతో చెప్పాను. "మన మాటకు ట్యూషనా?" అని నవ్వి నవ్వి పమిటతో కళ్లు తుడుచుకుంది.

ఆగస్టు 4.

మంజుశ్రీగారిని లాడ్జిలో చూశాను. పోస్టర్లలో కంటే చిన్న మనిషి. గదిలో టీవీ, వీసీఆర్, పాత సినిమా కేసెట్టు. ఒకే సీను తిప్పి తిప్పి చూస్తున్నారు.

ఆ సీను రాష్ట్రమంతటికీ తెలుసు. భర్తను చంపడానికి అవతల మనుషులు కాచుకుని ఉంటారు. రంగనాయకికి ఆ సంగతి తెలుసు. ఆమెకు తెలుసని అతనికి తెలియదు. అతను గడప దాటుతుంటే దీపం పట్టుకుని ఒక్క మాట అంటుంది. "ఎక్కడికి?" అంతే. జనం ఏడ్చి కొంగులు తడిపేసుకునేవాళ్లట. సినిమా చూడటం పాపమని ప్రతి ఆదివారం చెప్పే మా నాన్న కూడా ఎప్పుడో దొంగతనంగా చూసి ఏడ్చాడని అమ్మ సాక్ష్యం.

"మాస్టారూ, ఆ ఒక్క మాట ఆవిడలా అనలేకపోతే నాకింక హీరోల తల్లి వేషాలే," అన్నారు మంజుశ్రీగారు. నవ్వుతూ అన్నారు గానీ ఆ నవ్వు మొహంలో సగం దాకా వచ్చి అలసిపోయింది.

నేను ఆ మాటను "యాడికి పోతాండావు?" అని మార్చాను. డైరెక్టరు తోక కత్తిరించి "యాడికి?" అన్నాడు. అని, తనే చప్పట్లు కొట్టుకున్నాడు. నా మొదటి సాహిత్య సేవ ఒక్క పదం. అందులోనూ నాది సగమే.

పాఠం బరువెక్కుతోందని జోకు చెప్పాను. అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరుంది. బస్సులో కండక్టరు "యాడికి?" అంటాడు. ఎక్కినాయన "యాడికికి" అంటాడు. "అదేనప్పా, యాడికి?" "అదే నాయనా, యాడికికి!" ఇద్దరూ చొక్కాలు పట్టుకుంటారు. మంజుశ్రీగారు పడి పడి నవ్వారు. యూనిట్లో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. లైట్లవాళ్లకు రెండుసార్లు.

ఒక్క సంగతి మాత్రం డైరెక్టరుకు చెప్పలేదు. మా వైపు బయల్దేరిన మనిషిని ఆ మాట అడగరు. అపశకునం. మా అమ్మ ప్రార్థన చేసి మరీ పంపుతుంది, అయినా "ఎప్పుడొస్తావు?" అంటుందే గాని "యాడికి" అనదు. సువార్త వచ్చి ఇన్ని తరాలైనా ఆ ఒక్కటీ బాప్తిస్మం తీసుకోలేదు.

చెప్పి ఉండొచ్చు. చప్పట్లు కొట్టేశాడు గదా అని ఊరుకున్నాను.

ఆగస్టు 6.

షూటింగు పెద్దముడియం దగ్గర ఒక ఊళ్లో. పేరు రాయను. ఇల్లు ఇచ్చినాయన పేరూ రాయను. ఊరంతా పెద్దాయన అంటుంది, నేనూ అంటాను. ఎలక్షన్లు మీదికొచ్చాయి. పెద్దాయనది ఒక పార్టీ, ఏటి అవతలి ఊరాయనది ఇంకో పార్టీ. పోయినసారి వాళ్లది ఈ పార్టీ, వీళ్లది ఆ పార్టీ. జెండాలు మారాయి గాని, ఎవరు ఎవర్ని చంపాలన్నది మారలేదు. పెద్దాయన మీద ఇప్పటికి రెండుసార్లు బాంబులు వేశారు. అట్లాంటి ఇల్లు సినిమావాళ్లకు ఎందుకిచ్చాడంటే, ఆయన భార్య ఇందిరమ్మ కొత్త పెళ్లికూతురుగా చూసిన మొదటి సినిమా అదేనట.

పెద్దాయన జీపు నడిపేది మన ఖాదరే! మిషన్ స్కూల్లో ఇద్దరం తొమ్మిదో ఎక్కం దగ్గర ఆగిపోయిన సహయోధులం.

"రేపు యాడికి మామా మీ సవారీ?" అన్నాను ఊరికే.

చేత్తో నా నోరు మూశాడు. అంతా డీజిల్ వాసన.

"సామీ, నీ కాళ్లు మొక్కుతా, ఈడ ఆ మాట తియ్యొద్దు. గేరు ఏసినాకనే నాకు గూడ చెప్పేది, కుడికా ఎడంకా అని. నేను యాడికి పోతాండానో మా యమ్మకు తెల్దు. నాకే తెల్దు గదా!"

"మరి నీకు భయం లేదా?"

"నాకెందుకురా బయం. బాంబు మీద పేరు రాసుంటాది. నా పేరు రాసేదానికి వాళ్లలో ఎవునికీ స్పెల్లింగ్ రాదు."

ఆగస్టు 7.

ఈరోజు చరిత్ర సృష్టించాం.

మంజుశ్రీగారు తలవాకిట నిలబడి రిహార్సలు. "యాడికి?" అన్నారు. సరిగ్గా అప్పుడే పెద్దాయన చెప్పుల్లో కాలు పెట్టాడు. ఆ కాలు అట్లాగే వెనక్కి తీసి మంచం మీద కూర్చున్నాడు. ఇందిరమ్మ చేటలో బియ్యం వదిలేసి లోపలికి పోయింది. వాకిట్లో మనుషులు బీడీలు ఆర్పేశారు.

కాసేపయ్యాక మళ్లీ లేచాడు. మంజుశ్రీగారు మళ్లీ "యాడికి?" మళ్లీ మంచం.

అట్లా పొద్దుగూకింది. ఒక్క ఊరికి ప్రచారం లేదు. అవతలి పార్టీవాళ్లు మమ్మల్ని ఏనుగు మీద ఊరేగించాలి.

సాయంత్రం పిలిపించాడు.

"ఏం ఎమ్మే, ఆ మాట నేర్పిచ్చింది నువ్వేనంటనే?"

"సినిమాలో ఉన్నదేనండీ..."

"మీ నాయన నా చెవి మెలేసి ఎక్కాలు నేర్పినాడు. అందుకని నిన్నేం అనలా. నేను ఇంట్లో ఉన్నెప్పుడు ఆ మాట ఇనపడగూడదు. నేను పోయినాక తీసుకోండి మీ సినిమా. ఎప్పుడు పోయేదీ, ఎంత దూరమో నీకు ముందే చెప్తా. మీ డైరెక్టరుకు నా మాట అర్థం కాదు, నాకు ఆయప్ప మాట అర్థం కాదు. నీ నోట్లోనే ఉండల్ల."

"ఉంటుందండీ."

కనుక ఈ మహారాజశ్రీ జయకర్ ఎం.ఏ.గారు నేటి నుంచి ఆంతరంగిక కార్యదర్శి. ఖాదరుకు గేరు వేశాక తెలిసేది నాకు ముందురోజే తెలుస్తుంది. డైరెక్టరుకు "రేపు తీయొచ్చు" అని మాత్రం చెప్తే చాలు.

ఆగస్టు 9.

మంజుశ్రీగారికి ఆ మాట పట్టుబడలేదు. ఒకసారి టిక్కెట్టు కొట్టే కండక్టరులాగా వస్తుంది, ఒకసారి అప్పులవాడిలాగా. జోకు చెప్పి నేనే చెడగొట్టానేమో.

మధ్యాహ్నం ఆమె పోయి ఇందిరమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. నేను దుబాసీని.

"ఇందిరమ్మగారూ, మీరు ఆయన్ని ఎలా అడుగుతారు?"

"మేము అడగం మా."

"తెలుసుకోవాలని ఉండదా?"

"ఎందుకుండదు? శానా ఉంటాది." ఇందిరమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. "పొయ్యేటప్పుడు చెంబుతో నీళ్లిస్తా. నిండుగా ఇస్తా. తాగి పోవల్ల గదా. తాగినంతసేపు ఆడ్నే నిలబడతాడు. అంతసేపు చూసుకుంటా."

"అంతేనా?"

"అంతే. అప్పుడప్పుడు పెద్ద చెంబు ఇస్తా."

మంజుశ్రీగారు తనూ కాసిని రాళ్లు ఏరారు. తర్వాత డైరెక్టరు దగ్గరికి పోయి, మాట వద్దు, చెంబు చాలు అన్నారు. డైరెక్టరు ఒప్పుకోలేదు. జనం వచ్చేదే ఆ మాట కోసం అన్నాడు. నిజమే. నేనూ తల ఊపాను. ఆ మాట పోతే సినిమాలో నాకేం మిగులుతుంది?

ఆగస్టు 11.

సూర్యగ్రహణం. షూటింగు లేదు. పెద్దాయన ప్రచారం లేదు. బాంబులు వేసేవాళ్లు కూడా పట్టు విడుపు స్నానాలు చేసి ఉంటారు.

ఆగస్టు 14.

పెద్దాయన ఇల్లు కదలడం లేదు. మేము అరుగు మీద కూర్చుని ఉగ్గాని తింటున్నాం. సినిమా అంటే కూర్చోవడం అని ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఆగస్టు 15.

జెండా. చాక్లెట్టు. కూర్చోవడం.

ఆగస్టు 17.

పెద్దాయన పిలిచి చెవిలో చెప్పాడు. రేపు పొద్దున పోతున్నాడు, ఏ ఊరికో కూడా చెప్పాడు. రేపు తీయొచ్చని డైరెక్టరుకు చెప్పాను.

కెమెరా సామాను ఏదో కావాలంటే జమ్మలమడుగు పోయాను. బస్టాండు దగ్గర టీ తాగాను. కాలేజీలో నా సీనియరు ఒకడు కలిశాడు, పేరు గుర్తు రాలేదు. షూటింగు సంగతులు అడిగాడు. నేను లేకపోతే సినిమా లేదన్నాను. టీ వాడే ఇప్పించాడు. బాగుంది.

ఆగస్టు 18.

పొద్దున పెద్దాయన జీపెక్కే ముందు ఇందిరమ్మ చెంబిచ్చింది. ఖాదర్ మా షూటింగు చెంబులో నీళ్లు ఎత్తి తాగి, "సినిమా నీళ్లు తాగినా, ఇంక నేను గూడ హీరోనే" అని పోయాడు.

షాట్ ఒక్క టేకులో ఓకే అయింది. "యాడికి?" ఈసారి మంజుశ్రీగారు అన్నది వింటే నాకే భయం వేసింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు.

అప్పుడే వాకిట్లోకి మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చారు.

పులివెందుల దారిలో, ముద్దనూరు దాటినాక, గుట్టల మలుపులో బాంబులు వేశారు. పెద్దాయన ముద్దనూరులో వెనక జీపులోకి మారాడట. ముందు జీపులో ఖాదర్ ఒక్కడే.

ఖాదర్ పోయాడు.

ఆగస్టు 19.

మట్టి చేసి వచ్చాం.

ఆగస్టు 20.

దారి ఎవరు చెప్పి ఉంటారు? ముద్దనూరు టీ కొట్టువాడు. పాలవాడు. రెండో జీపు డ్రైవరు. పోలీసులు. డైరెక్టరు. జాతకం. సూర్యగ్రహణం. ఆ ఇంటి కాకి. ఇట్లాంటివి ఎవరో ఒకరు చెప్పాలని లేదు. వాళ్లు రోజూ అన్ని దారుల్లోనూ కాచుకుని ఉంటారట. పేపర్లోనే రాశారు. రాసే ఉంటారు.

ఆగస్టు 22.

పెద్దాయన పిలిచాడు. నీళ్ల చెంబు నా చేతికిచ్చారు. తాగాను. ఆయన తాగలేదు.

"ఎమ్మే, ఆ పొద్దు నేను నీకు చెప్పినా. నువ్వు ఎవురికన్నా చెప్పినావా అని ఈళ్లు అడగమంటాండారు."

నేను నోరు తెరిచాను.

"నేనే వద్దన్నా. దేవపాలు సారు కొడుకు. ఆయన పెంపకంలో నోరు జారదు." పక్కకు తిరిగి తనవాళ్లతో అన్నాడు. "ఖాదర్ గాడే. నేను ఎమ్మేకు చెప్పేటప్పుడు ఆడాడ తిరగతాండె. ఇన్నాడు, యాడనో వాగినాడు. వాని వాగుడుకు వాడే పాయె."

ఖాదర్ ఆరోజు అక్కడ లేడు. జీపు టైరు మార్పించడానికి ప్రొద్దుటూరు పోయాడు.

నేను నోరు మూసుకున్నాను. తెరిచినప్పుడు ఏం చెప్పబోయానో తెలియదు. బహుశా ఇదే చెప్పబోయానేమో.

ఆగస్టు 24.

ఆ షాట్ మళ్లీ తీయాలట. నెగెటివ్ మీద పొడుగ్గా గీత పడిందని మద్రాసు నుంచి ఫోన్. ఇందిరమ్మను అడగడానికి ఎవరికీ మొహం లేదు. ఆమే వచ్చి "తీసుకోపోండి" అంది. పెద్దాయన లోపలి గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు.

నా పని తలుపు వెనక నిలబడి మాట అందించడం.

మంజుశ్రీగారు చేతిలో దీపం కింద పెట్టేశారు. మూలనున్న చెంబు తీసుకుని నిండా ముంచారు. భర్త వేషగాడికి చెప్పనే లేదు. అతను గడప దగ్గరికి వచ్చేసరికి చెంబు చాచారు. అతను ఏం చేస్తాడు, ఇచ్చాక తాగాలి. తాగుతున్నాడు. ఆమె అతని గొంతు కదలడం చూస్తున్నారు. ఒక్కొక్క గుటకా చూస్తున్నారు. చెంబు పైకి లేచేకొద్దీ ఆమె మొహంలో నుంచి ఏదో దిగిపోతోంది. కడసారి గుటక అయ్యాక అతను చెంబు ఇచ్చి గడప దాటాడు. ఆమె ఖాళీ చెంబును రెండు చేతుల్తో పట్టుకుని నిలబడిపోయారు, ఇంకా బరువుగా ఉన్నట్టు.

డైరెక్టరు నా వైపు చూశాడు. మాట అందించమని చెయ్యి ఊపాడు.

నేను పెదవి కదపలేదు. ఆ ఒక్క పూట నాకు అది చేతనైంది.

కెమెరా తిరుగుతూనే ఉంది. కట్ ఎవరూ చెప్పలేదు. కడాన ఇందిరమ్మ వచ్చి మంజుశ్రీగారి చేతుల్లోంచి చెంబు తీసుకుంది. "చాల్లేమా" అంది.

డైరెక్టరు కళ్లు తుడుచుకుని, ఇదే ఉంచుతున్నా అన్నాడు. నా సాహిత్య సేవ కొట్టివేయబడింది. మంజుశ్రీగారికి ఇంక తల్లి వేషాలు రావు. వచ్చినా ఆమె లెక్కచేయరు. పోతూ నా దగ్గర ఆగారు.

"మాస్టారూ, ఈమధ్య జోకులు చెప్పటం లేదే?"

అయిపోయాయి అన్నాను.

ఆగస్టు 26.

యూనిట్ వెళ్లిపోయింది. నిద్ర రాదు. పని లేదు. అమ్మ కారం దోసె పోసింది. తిన్నాను.

ఆగస్టు 27.

బీబీజాన్ వచ్చింది. ఖాదర్ వాళ్లమ్మ. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీదే కూర్చుంది.

"జయకరూ, నువ్వు ఆడ్నే ఉన్నెవాడివి గదా నాయనా. నా కొడుకు ఎవురికి చెప్పినాడు?"

"తెలీదమ్మా."

"వానికి తెల్సా, యాడికి పోతాండేదీ?"

"టీ తాగమ్మా," అన్నాను.

"వద్దు నాయనా." కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "వానికి మీసాలు వచ్చినప్పట్నుంచి నేను అడగలా. యాడికిరా అని ఒక్క దినం అడగలా. అడిగితే చెప్తాడని బయం. నా నోట్లో నించి యాడన్నా జారుతాదని బయం. తల్లినై ఉండి నేను నోరు కట్టేసుకుంటి. ఇప్పుడు ఊరంతా అంటాండారు, వాడే వాగినాడని. వాని మాటే వానికి సావు తెచ్చిందని. పెద్దాయన మట్టికి గూడ రాలా. ఆయప్ప ఇంట్లో అన్నం తిన్న బిడ్డ. దొంగను పూడ్చినట్టు పూడ్చినాం."

నాన్న ఆమె పక్కన కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆమె కూడా చేతులు చాచి తన దువా తను చేసుకుంది. ఆమెన్ మాత్రం ఇద్దరూ ఒకేసారి అన్నారు. నేను అనలేదు.

పోతూ ఇంకోసారి అడిగింది. "వాడు చెప్పేవాడు కాదు గదా నాయనా?"

"ఖాదర్ మంచోడమ్మా," అన్నాను. అదే జవాబైనట్టు.

ఆగస్టు 28.

ఏమీ లేదు.

ఆగస్టు 29, ఆదివారం.

చర్చికి పోలేదు. అమ్మా నాన్నా ప్రార్థనలో ఉండగానే బీబీజాన్ ఇంటికి, అక్కడి నుంచి పెద్దాయన దగ్గరికి పోదామని చెప్పులేసుకున్నాను. అమ్మ ఏం పసిగట్టిందో, తనూ చర్చికి పోలేదు. చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగాను. తాగినంతసేపూ నిలబడి నా మొహమే చూసింది. అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. అడిగితే చెప్పడం నాకు అలవాటే.

గడప దాకా పోయి వెనక్కి వచ్చి ఇది రాస్తున్నాను. రాసే పోవాలి. లేకపోతే దారిలో నాకు ఇంకేదో జోకు దొరుకుతుంది.

మొదటి పుటలో చాలా వాటికి క్షమాపణ చెప్పాను. అవన్నీ అబద్ధాలు. కరువుకు నేను కారణం కాదు. పెన్నకు కాదు. చర్చి గంట తాడు పాతబడి తెగింది.

నేను చేసింది ఒకటే.

జమ్మలమడుగు బస్టాండు. ఆ సీనియరు పేరు గుర్తు రాలేదని రాశాను. గుర్తుంది. వాడిది ఏటి అవతలి ఊరని కూడా గుర్తుంది. రేపు పెద్దాయన ఇల్లు వదిలితే గాని మా షాట్ లేదని, ఆ కబురు నాకు తప్ప ఈ భూమండలంలో ఎవరికీ తెలియదని నేనే చెప్పుకున్నాను. వాడు అడగకముందే. వాడు గ్లాసులో టీ ఊదుకుంటూ, నా వైపు చూడకుండా, "యాడికంట?" అన్నాడు.

అడగకూడని మాట అది. మా అమ్మ అడగదు. ఇందిరమ్మ అడగదు. బీబీజాన్ అడగలేదు. జవాబు నా నాలుక చివరే ఉంది, లైట్లవాళ్లకు రెండుసార్లు చెప్పిన జోకు. యాడికికి అంటే సరిపోయేది. వాడు నవ్వేవాడు, నేను నవ్వేవాణ్ణి, బస్సు వచ్చేది.

పొద్దున్నే పులివెందులకు, అన్నాను.